ఆక్సిడేటివ్ స్ట్రెస్, ఇన్‌ఫ్లమేషన్: ఏది ముందు? యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఎందుకు ఫలించలేదు?

ప్రశ్న: తులసివనం

ఆరోగ్య వ్యాసాల్లో ఒకటే వరుస చెబుతారు. ఫ్రీ రాడికల్స్ (ఎదురైన అణువుల నుంచి ఎలక్ట్రాన్ లాక్కునే చురుకైన ఆక్సిడెంట్లు) పెరుగుతాయి, కణాలు దెబ్బతింటాయి (ఇదే ఆక్సిడేటివ్ స్ట్రెస్), దానివల్ల ఇన్‌ఫ్లమేషన్ (గాయానికో సూక్ష్మజీవికో శరీరం చూపే వాపు, మంట స్పందన) మొదలవుతుంది, అది ఏళ్ల తరబడి నడిచి గుండెజబ్బు, మధుమేహం, క్యాన్సర్ దాకా వస్తుంది. ఈ వరుస నిజమే అయితే మొదటి మెట్టు దగ్గరే ఆపితే సరిపోవాలి కదా. విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ ఇచ్చి వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన ట్రయల్స్‌లో ఆ ఫలితం రాలేదు, కొన్నిట్లో కీడు జరిగింది.

నాకు స్పష్టత కావలసినవి మూడు. నిజంగా ఏది ముందు, ఏది వెనక? మాత్రలు విఫలం కావడానికి కారణం కెమిస్ట్రీలో ఉందా, ట్రయల్స్ నడిపిన తీరులో ఉందా? ఇక శరీరంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంత ఉందో చెప్పే నమ్మదగ్గ పరీక్ష ఏది? "టోటల్ యాంటీఆక్సిడెంట్ కెపాసిటీ" అని ఒకటి, ఎండీఏ (కొవ్వులు ఆక్సిడైజ్ అయితే పుట్టే పదార్థం) అని ఒకటి తరచూ కనిపిస్తున్నాయి. రెండూ ఒకదానికొకటి పొంతన లేని అంకెలు ఇస్తుంటాయి.

జవాబు: కణశాల

ముందు వెనకలు జబ్బును బట్టి మారతాయి. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో మింగినప్పుడు కాలేయంలో గ్లూటాథయోన్ (కణం సొంతంగా తయారుచేసుకునే యాంటీఆక్సిడెంట్) తరిగిపోవడం ముందు, ఇన్‌ఫ్లమేషన్ ఆ తర్వాత. గౌట్‌లో తిరగేసి చూడాలి: యూరేట్ స్ఫటికాన్ని తెల్ల రక్తకణం మింగడంతో ఇన్‌ఫ్లమేషన్ మొదలై, ఆక్సిడెంట్లు దాని వెంట వస్తాయి. ధమనుల్లో కొవ్వు పేరుకోవడం, టైప్ 2 మధుమేహం లాంటి దీర్ఘకాలిక జబ్బుల్లో మొదలు వెతకడం వృథా. అక్కడ రెండూ ఒకదాన్నొకటి తిప్పుకునే చక్రం.

ఆ చక్రం ఎలా తిరుగుతుందో చూడండి. టీఎన్‌ఎఫ్ లాంటి సైటోకైన్ (కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్) కణాన్ని తాకితే మైటోకాండ్రియా నుంచి సూపరాక్సైడ్ అనే ఆక్సిడెంట్ ఎక్కువ కారుతుంది. ఆ ఆక్సిడెంట్లు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్‌ను (కణం లోపల ప్రమాద ఘంటిక లాంటి ప్రోటీన్ గుంపును) రేపే సంకేతాల్లో ఒకటి. అది క్యాస్పేస్-1 అనే ఎంజైమ్‌ను చైతన్యపరిస్తే, క్యాస్పేస్-1 ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే సైటోకైన్‌ను కోసి విడుదలకు సిద్ధం చేస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఇంటర్‌ల్యూకిన్-6ను పెంచుతుంది, దాని ఆజ్ఞతో కాలేయం సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను (రక్తపరీక్షలో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపేది) తయారుచేస్తుంది. ఈలోగా అక్కడికి చేరిన తెల్ల కణాలు మళ్లీ ఆక్సిడెంట్లు వెదజల్లుతాయి.

ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. సూటి వరుసను పూర్తిగా తలకిందులు చేసే జబ్బు ఒకటుంది: క్రానిక్ గ్రాన్యులోమటస్ డిసీజ్. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణంలో ఎన్‌ఓఎక్స్2 అనే ఎంజైమ్ ఎన్‌ఏడీపీహెచ్ (ఎలక్ట్రాన్లు అందించే అణువు) నుంచి ఎలక్ట్రాన్ తీసి ఆక్సిజన్‌కు ఇస్తుంది, సూపరాక్సైడ్ పుడుతుంది. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. దాన్ని మైలోపెరాక్సిడేస్ క్లోరైడ్‌తో కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది, అంటే బ్లీచ్‌లో పనిచేసే పదార్థమే. ఈ జబ్బుతో పుట్టినవాళ్లలో ఆ మొదటి ఎంజైమ్ పనిచేయదు. స్టెఫిలోకాకస్ ఆరియస్, ఆస్పర్‌జిల్లస్ లాంటి సూక్ష్మజీవులు వాళ్లను పదేపదే పట్టుకుంటాయి. ఆక్సిడెంట్లే ఇన్‌ఫ్లమేషన్‌కు మూలమైతే వీళ్లలో అది తగ్గాలి. జరిగేది వ్యతిరేకం. సూక్ష్మజీవి కనబడని చోట కూడా గ్రాన్యులోమాలు (రోగనిరోధక కణాల గడ్డలు) కడతాయి, చాలామందికి క్రోన్స్ జబ్బును పోలిన పేగు పూత వస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను సద్దుమణిగించే పనిలో కూడా ఆక్సిడెంట్లకు వాటా ఉందన్నమాట.

హైడ్రోజన్ పెరాక్సైడ్ కణంలో 1 నుంచి 100 నానోమోలార్ మధ్య ఉన్నంతవరకు కబురు మోసే అణువు. ఉదాహరణకు ఇన్సులిన్ తన గ్రాహకాన్ని తాకగానే కొద్దిగా పెరాక్సైడ్ పుట్టి పీటీపీ1బి అనే ఫాస్ఫటేస్‌లోని సిస్టీన్‌ను తాత్కాలికంగా ఆక్సిడైజ్ చేస్తుంది. ఆ ఫాస్ఫటేస్ కాసేపు ఆగితేనే ఇన్సులిన్ సంకేతం లోపలికి సాగుతుంది. పెరాక్సైడ్ అంతకు మించి, ఎక్కువసేపు ఉంటే అప్పుడు నష్టం. హెల్ముట్ సీస్ 1985లో "ఆక్సిడేటివ్ స్ట్రెస్" అనే భావనను నిర్వచించినప్పుడు చెప్పింది కూడా సమతుల్యం తప్పడం గురించే. ఆక్సిడెంట్లు ఉండటమే జబ్బు అనలేదు.

ఇక మాత్రల కెమిస్ట్రీ. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే, నానోమీటర్ల దూరంలోనే, ఎదురుపడిన అణువుతో చర్య జరుపుతుంది. దాన్ని మధ్యలో పట్టుకోవాలంటే కణంలోని ప్రోటీన్లు, కొవ్వులు, డీఎన్‌ఏ అన్నిటికన్నా యాంటీఆక్సిడెంట్ ఎక్కువ ఉండాలి. అది ఏ మాత్రతోనూ అయ్యే పని కాదు. సూపరాక్సైడ్, రక్తనాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ కలిసి పెరాక్సీనైట్రైట్ అనే మరో ఆక్సిడెంట్ అయ్యే వేగం సెకనుకు మోలార్‌కు దాదాపు 1,000 కోట్లు. సూపరాక్సైడ్‌తో విటమిన్ సి చర్య దానికి వేల రెట్లు తక్కువ వేగం. రక్తనాళం నైట్రిక్ ఆక్సైడ్‌ను పోగొట్టుకుని బిగుసుకుపోయేది ఇక్కడే. పైగా పెరాక్సీనైట్రైట్ బీహెచ్4 అనే సహకారకాన్ని పాడుచేస్తుంది. అది లేకపోతే నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేయవలసిన ఎంజైమే సూపరాక్సైడ్ తయారుచేయడం మొదలుపెడుతుంది. నాకు తెలిసి ఈ రంగంలో దీనికన్నా ముఖ్యమైన మలుపు లేదు: కాపలా ఎంజైమే దాడి చేసే ఎంజైమ్ అయిపోతుంది.

మోతాదు పెంచినా లాభం లేదు. రోజుకు 200 మి.గ్రా. విటమిన్ సి నోటితో తీసుకుంటేనే ప్లాస్మా 65-70 మైక్రోమోలార్ దగ్గరికి వచ్చేస్తుంది. 1,000 మి.గ్రా. తీసుకుంటే అంకె ఇంకొంచెం కదులుతుందంతే, మిగతాది మూత్రంలో పోతుంది. గ్లూటాథయోన్ అయితే కణం లోపల 1 నుంచి 10 మిల్లీమోలార్ ఉంటుంది. అంటే కణం తనంతట తాను దాచుకున్నది ఎన్నో రెట్లు ఎక్కువ.

శరీరం అసలు రక్షణ ఎంజైమ్‌లతో చేసుకుంటుంది. సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేస్ (1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించారు), కెటలేస్, పెరాక్సీరిడాక్సిన్లు, గ్లూటాథయోన్ పెరాక్సిడేస్. వీటిలో చాలావాటి తయారీని పెంచే మీట ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్. మామూలుగా కీప్1 అనే మరో ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాశనానికి పంపిస్తుంది, సగం ఆయుష్షు ఇరవై నిమిషాలే. కీప్1లోని సిస్టీన్లు ఆక్సిడైజ్ అయితే ఎన్‌ఆర్‌ఎఫ్2 బతికిపోయి కేంద్రకంలోకి వెళ్తుంది. ఈ మీటను ఎప్పుడూ నొక్కి ఉంచితే మేలు అనుకోకండి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్ని కీప్1ను పాడుచేసుకుని ఇదే రక్షణ మీద బతుకుతాయి.

జవాబు: ఓపీగది

కణశాల గారి మాటకు ట్రయల్స్ వైపు నుంచి.

1994లో ఫిన్లాండ్ ఏటీబీసీ ట్రయల్: పొగతాగే పురుషులు 29,133 మంది, రోజుకు బీటా కెరోటిన్ 20 మి.గ్రా. లేదా విటమిన్ ఇ 50 మి.గ్రా. లేదా రెండూ, లేదా ఉత్తుత్తి మాత్ర. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. 1996లో కేరెట్: బీటా కెరోటిన్ 30 మి.గ్రా.కు విటమిన్ ఎ 25,000 యూనిట్లు కలిపి ఇచ్చారు, క్యాన్సర్ 28 శాతం ఎక్కువ రావడంతో 21 నెలలు ముందే ఆపేశారు. సెలెక్ట్ ట్రయల్‌లో విటమిన్ ఇ 400 యూనిట్లు మాత్రమే తీసుకున్న పురుషుల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. 2009లో ఒక చిన్న ప్రయోగం ఇంకా కళ్లు తెరిపించింది: నాలుగు వారాల వ్యాయామంతో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, కానీ రోజూ విటమిన్ సి 1,000 మి.గ్రా., ఇ 400 యూనిట్లు తీసుకున్నవాళ్లలో ఆ మేలు కనబడలేదు. వ్యాయామం పుట్టించే ఆక్సిడెంట్లే ఆ మార్పుకు సంకేతం. మాత్ర ఆ సంకేతాన్ని అణిచేసింది.

తులసివనం గారు, ట్రయల్స్ నడిపిన తీరులో కూడా లోపం ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఏటీబీసీ, కేరెట్, సెలెక్ట్‌లలో ఎవరినీ ఆక్సిడేటివ్ స్ట్రెస్ కొలిచి చేర్చుకోలేదు. మందు ఇచ్చాక అది తగ్గితేనే కొనసాగించడం అనే నియమమూ లేదు. రక్తపోటు చూడకుండా అందరికీ బీపీ మాత్ర ఇచ్చి ఫలితం కోసం చూడటం లాంటిది.

ఇన్‌ఫ్లమేషన్ వైపు అలా జరగలేదు, అందుకే జవాబు దొరికింది. 2017 కాంటోస్ ట్రయల్‌లో గుండెపోటు వచ్చి, హెచ్ఎస్-సీఆర్‌పీ (తక్కువ అంకెలను కూడా చదవగల సీఆర్‌పీ పరీక్ష) లీటరుకు 2 మి.గ్రా. లేక అంతకు మించి ఉన్న 10,061 మందినే తీసుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కానకినుమాబ్ 150 మి.గ్రా. మూడు నెలలకోసారి ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ మారలేదు కాబట్టి మేలు ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్లే. మూల్యం కూడా ఉంది: ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. మరుసటి ఏడు సర్ట్ ట్రయల్‌లో తక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇంటర్‌ల్యూకిన్-1ను, 6ను, సీఆర్‌పీని తగ్గించలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడం" అంటే సరిపోదు, ఏ దారిలో అన్నది ముఖ్యం.

గౌట్‌కు వాడే ఇన్‌ఫ్లమేషన్ మందు కోల్చిసిన్ 0.5 మి.గ్రా. సంగతి ఇంకా తేలలేదనే అంటాను. 2019 కోల్‌కాట్, 2020 లోడోకో2 ట్రయల్స్ మేలు చూపాయి. గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టిన క్లియర్ సినర్జీలో, 2024లో, మేలు కనబడలేదు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లకు కోల్చిసిన్ రక్తంలో పేరుకుని విషమవుతుంది. సొంతంగా మొదలుపెట్టే మందు కాదు.

యాంటీఆక్సిడెంట్ పనిచేసిన సందర్భాలు కూడా లేకపోలేదు. పారాసిటమాల్ విషానికి ఎన్-అసిటైల్‌సిస్టీన్ సిరలోకి: మొదటి గంటలో కిలోకు 150 మి.గ్రా., తర్వాత 4 గంటల్లో 50, ఆపై 16 గంటల్లో 100. మింగిన 8 గంటల్లోపు మొదలైతే కాలేయాన్ని దాదాపు ప్రతిసారీ కాపాడుతుంది. అది రాడికల్స్ వెంట పరుగెత్తదు, అయిపోయిన గ్లూటాథయోన్‌కు ముడిసరుకు అందిస్తుంది. కంటి మాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణతకు ఏరెడ్స్ అనే యాంటీఆక్సిడెంట్, జింక్ మిశ్రమం మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకు జబ్బు ముదిరే అవకాశాన్ని పావువంతు మేర తగ్గించింది. పొగతాగేవాళ్లకు, తాగి మానేసినవాళ్లకు మాత్రం బీటా కెరోటిన్ ఉన్న పాత మిశ్రమం వద్దు, 2013లో ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2 మి.గ్రా. పెట్టి మార్చిన ఏరెడ్స్2 వాడాలి. మధుమేహం లేని ఫ్యాటీ లివర్ హెపటైటిస్‌లో విటమిన్ ఇ 800 యూనిట్లు 96 వారాలు ఇస్తే బయాప్సీలో మెరుగు కనబడింది. ఏది లోపించిందో, ఏ అవయవంలోనో తెలిసిన చోట్లే ఇవన్నీ పనిచేశాయి.

జవాబు: నీలిపిప్పెట్

పరీక్షల సంగతి నేను చెబుతాను. ఈ రంగంలో ప్రచురించిన అంకెల్లో చాలా భాగం కొలిచే పద్ధతి పుట్టించినవే.

"టోటల్ యాంటీఆక్సిడెంట్ కెపాసిటీ" ఎక్కువగా ఫ్రాప్ పద్ధతిలో చేస్తారు: ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారితే నీలం రంగు వస్తుంది. ప్లాస్మాలో ఆ రంగులో సగానికి పైగా యూరిక్ యాసిడ్ పుణ్యమే. గౌట్ ఉన్నవాళ్లకు, కిడ్నీ ఫెయిలైనవాళ్లకు రిపోర్టు ఘనంగా వస్తుంది. గ్లూటాథయోన్‌ను ఫ్రాప్ దాదాపు పట్టించుకోదు, ఎంజైమ్‌లను అసలే చూడదు. రోగి విషయంలో దీనిమీద నిర్ణయం తీసుకోకండి.

ఎండీఏ అంటే ఎక్కువ చోట్ల టీబార్స్ అనే పరీక్ష. శాంపిల్‌ను థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో ఆమ్ల ద్రావణంలో 95 డిగ్రీల దగ్గర వేడిచేసి 532 నానోమీటర్ల వద్ద గులాబి రంగు చదువుతారు. రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. ఆ వేడికే, శాంపిల్‌లోని ఇనుము తోడై, కొవ్వులు అక్కడికక్కడ ఆక్సిడైజ్ అయి కొత్త ఎండీఏ పుడుతుంది. వేడిచేసే ముందే, కొవ్వులు ఆక్సిడైజ్ కాకుండా ఆపే బీహెచ్‌టీ కలపాలి. రెండోది, బిలిరుబిన్, చక్కెరలు, సియాలిక్ ఆమ్లం కూడా దగ్గరి రంగులే ఇస్తాయి. కామెర్ల ప్లాస్మా, ఎర్రకణాలు పగిలి హీమోలైజ్ అయిన ప్లాస్మా పక్కన పెట్టేయండి. హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను వేరుచేసి కొలిచే పద్ధతి) ఎండీఏ-టీబీఏ పీక్‌ను విడదీసి చదివితే కొంత నమ్మవచ్చు.

నమ్మదగ్గది ఎఫ్2-ఐసోప్రోస్టేన్లు (రాడికల్స్ కొవ్వును ఆక్సిడైజ్ చేస్తే పుట్టేవి), మాస్ స్పెక్ట్రోమెట్రీతో (అణువులను బరువును బట్టి గుర్తించే పద్ధతి). ఇక్కడ శాంపిల్ నిల్వే ప్రాణం. ఈడీటీఏ ట్యూబ్ ఐసులో పెట్టి, అరగంటలోపు 4 డిగ్రీల్లో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మాకు బీహెచ్‌టీ కలిపి, చిన్న భాగాలుగా చేసి మైనస్ 80లో పెట్టండి. మైనస్ 20లో ఉంచితే ఫ్రీజర్‌లోనే ఐసోప్రోస్టేన్లు పుడుతూ ఉంటాయి, నెలలు గడిచేకొద్దీ అంకె పెరుగుతుంది. మూత్రంలో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి ఈ బెడద తక్కువ. మూత్రం చిక్కదనం తేడా పోవడానికి క్రియాటినిన్‌తో భాగించి చెప్పాలి.

గ్లూటాథయోన్ నిష్పత్తి చాలామంది కొలుస్తారు, ఎక్కువమంది తప్పుగా. లెక్క చూడండి. నిజంగా జీఎస్‌హెచ్ (మామూలు గ్లూటాథయోన్) 1,000 మైక్రోమోలార్, జీఎస్‌ఎస్‌జీ (రెండు జీఎస్‌హెచ్‌లు ఆక్సిడైజ్ అయి కలిసినది) 5 ఉందనుకోండి, నిష్పత్తి 200. శాంపిల్‌ను ఆమ్లంలో వేసేటప్పుడు జీఎస్‌హెచ్‌లో 2 శాతం ఆక్సిడైజ్ అయితే 20 పోయి 10 జీఎస్‌ఎస్‌జీ చేరుతుంది. ఇప్పుడు 980కి 15, నిష్పత్తి 65. కేవలం రెండు శాతం పొరపాటుతో "తీవ్రమైన ఆక్సిడేటివ్ స్ట్రెస్" పుట్టుకొచ్చింది. రక్తం తీసిన ట్యూబ్‌లోనే ముందుగా, జీఎస్‌హెచ్‌ను కట్టేసి ఆక్సిడైజ్ కానివ్వని ఎన్-ఇథైల్‌మలీమైడ్ ఉండాలి, ఆమ్లం ఆ తర్వాతే. ఆ ఎన్-ఇథైల్‌మలీమైడ్ మిగిలిపోతే గ్లూటాథయోన్‌ను కొలిచే రీసైక్లింగ్ పద్ధతిలోని రిడక్టేస్ ఎంజైమ్‌ను అణిచేస్తుంది. దాన్ని తీసేయాలి, లేదా మాస్ స్పెక్‌కు వెళ్లాలి.

కణాల మీద పనిచేసేవాళ్లు ఆక్సిడైజ్ అయితే మెరిసే డీసీఎఫ్ రంగు వాడి "ఆర్‌ఓఎస్ పెరిగింది" (ఆక్సిజన్ నుంచి పుట్టే ఆక్సిడెంట్లు పెరిగాయి) అని రాసేస్తారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ రంగును నేరుగా తాకనే తాకదు. ఇనుము, పెరాక్సిడేస్, సైటోక్రోమ్ సి లాంటివి మధ్యలో ఉండాలి. పైగా ఆ రంగు రాడికలే ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ పుట్టిస్తుంది. మెరుపు పెరిగితే కణంలో పెరాక్సైడ్ పెరిగిందా, ఇనుము వదులైందా చెప్పలేరు. ఇంకొకటి: విటమిన్ సిని, పాలిఫీనాల్స్‌ను కల్చర్ మీడియంలో వేస్తే మీడియంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. కణాలు లేని డిష్‌లో ఒక కంట్రోల్, కెటలేస్ కలిపి ఇంకొక కంట్రోల్ పెట్టండి. కెటలేస్ వేస్తే మందు "ప్రభావం" మాయమైతే అది మీడియం చేసిన పనే.

జవాబు: ఎర్రకణం

పై జవాబుల్లో రాని ఒక జాగ్రత్త. ఎర్ర రక్తకణానికి మైటోకాండ్రియా లేదు, ఆక్సిడెంట్ల నుంచి కాపాడుకోవడానికి కావలసిన ఎన్‌ఏడీపీహెచ్ కోసం అది పూర్తిగా జీ6పీడీ అనే ఎంజైమ్ మీద ఆధారపడుతుంది. ఆ ఎంజైమ్ లోపించినవాళ్లకు ప్రైమాక్విన్, డాప్సోన్, రాస్‌బ్యూరికేస్ లాంటి మందులు పడితే కణాలు పగిలిపోతాయి. సిరలోకి గ్రాముల కొద్దీ ఎక్కించే విటమిన్ సి కూడా ఆ జాబితాలోదే. "యాంటీఆక్సిడెంట్" అని పేరున్న మందు ఆ మోతాదులో పెరాక్సైడ్ పుట్టిస్తుంది. ఎక్కించే ముందు జీ6పీడీ పరీక్ష చేయాలి. కణాలు పగులుతున్న రోజుల్లో చేస్తే ముసలి కణాలు ముందే పోయి, ఎంజైమ్ ఎక్కువున్న కొత్త కణాలు మిగిలి, ఫలితం మామూలుగా ఉన్నట్టు కనబడుతుంది. అనుమానం ఉంటే మూడు నెలలాగి మళ్లీ చేయాలి.

తులసివనం

అందరికీ ధన్యవాదాలు. మాత్రల విషయం తేటపడింది. ఒక్క సందేహం మిగిలింది. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు మామూలు ల్యాబ్‌లో నమ్మదగ్గ పరీక్ష లేనట్టే కాబట్టి కాంటోస్‌లో వాడిన హెచ్ఎస్-సీఆర్‌పీనే చూడాలంటే, ఒకరికి అది 4 వచ్చిందనుకుందాం. తర్వాతి పని ఏమిటి?

జవాబు: ఓపీగది

మొదటి పని దాన్ని నమ్మకపోవడం. రెండు వారాలాగి మళ్లీ చేయించి రెండింటి సగటు తీసుకోవాలి. లీటరుకు 1 మి.గ్రా. కన్నా తక్కువైతే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1-3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఈ లెక్కలోకి తీసుకోకూడదు, ఇన్‌ఫెక్షన్ కోసమో మరో జబ్బు కోసమో వెతకాలి. జలుబు, పన్ను చీము, టీకా, దెబ్బ, గట్టి వ్యాయామం ఏది ఉన్నా అంకె లేస్తుంది. కారణం తొలగిన తర్వాత సీఆర్‌పీ సగం ఆయుష్షు 19 గంటలే, కాబట్టి రెండు వారాలు చాలు.

రెండుసార్లూ 3 పైనే ఉంటే చూడవలసినవి: పొగ, నడుము చుట్టుకొలత, చిగుళ్ల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగడం, ఫ్యాటీ లివర్, కీళ్ల జబ్బు. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ మాత్రలు జబ్బేమీ లేకుండానే సీఆర్‌పీని పెంచుతాయి, చర్మానికి అంటించే పట్టీలు అంతగా పెంచవు. కొలెస్ట్రాల్ మందు స్టాటిన్ దాన్ని తగ్గిస్తుంది. కీళ్లవాతానికి ఇచ్చే టోసిలిజుమాబ్ వాడేవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-6 దారి మూసుకుపోతుంది కాబట్టి లోపల న్యుమోనియా ఉన్నా సీఆర్‌పీ మామూలుగానే ఉండొచ్చు. వాళ్ల విషయంలో ఈ పరీక్ష చూసి ధైర్యపడకూడదు.

అంకెను దించడమే లక్ష్యంగా పెట్టుకోకండి. పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువ తయారయ్యే జన్యు తేడా ఉన్నవాళ్లకు గుండెజబ్బు అదనంగా రావడం లేదు. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకం పుట్టుకతోనే మందంగా పనిచేసేవాళ్లకు మాత్రం తక్కువ వస్తోంది. సీఆర్‌పీ పొగ లాంటిది, నిప్పు పైన ఎక్కడో ఉంది.

జవాబు: నీలిపిప్పెట్

చిన్న చేర్పు. రిపోర్టులో యూనిట్ చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు రాస్తాయి. డెసిలీటరుకు 0.4 అంటే లీటరుకు 4. మామూలు సీఆర్‌పీ పరీక్ష తక్కువ అంకెలను సరిగా చదవలేదు, రిపోర్టు మీద "హెచ్ఎస్" అని ఉందో లేదో చూసుకోండి. రెండోసారి కూడా అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి.